రెక్క తిప్పొద్దన్నందుకు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాసి పెడుతోంది.

విమానం నడపడం నేర్పే మైదానంలో షెడ్డు ఊడ్చే పని నాది. అక్కడ ఒక చిన్న విమానం నెలల తరబడి ఎగరకుండా నిలబడి ఉంది. ఇంజిను లోపల తుప్పు పట్టకుండా మెకానిక్ సునీత నూనె కొట్టి, చెమ్మ పీల్చే నీలం గింజల బిరడాలు బిగించింది. ముందు ఫ్యానులా ఉండే రెక్కను తిప్పితే లోపలి నూనె పూత చెరిగిపోతుందని, అందుకే తిప్పొద్దని రాసి దానికి ఎర్ర అట్ట కట్టానని నాకు చెప్పింది.

ఈ రోజు హైదరాబాదు నుంచి చూడవచ్చిన ఒక సారు, ఫొటో కోసం ఆ రెక్కను పట్టుకుని రెండు చుట్లు తిప్పాడు.

"ఓ సారూ, చెయ్యి తియ్యి! గా ఎర్ర అట్ట మీద రాసింది కనవడ్తలేదా?" అని అరిచాను.

"ఏం రాసిండ్రో నువ్వు సదివినవా అవ్వా?" అని నవ్వాడు.

"నాకు సదువు రాదు బిడ్డా, అందుకే అడిగి తెలుసుకున్న. నీకొస్తది గదా, నువ్వెందుకు సదవకపోతివి?"

శిక్షణకు వచ్చిన పిల్లలు పక్కున నవ్వారు. సారు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. సునీత తల పట్టుకుంది. బిరడాలన్నీ విప్పి, మళ్లీ మొదటి నుంచి నూనె కొట్టింది. సాయంత్రం దాకా ఆమెకు లైటు పట్టుకుని నిలబడేసరికి నా నడుము పడిపోయింది.

ఇంటికి బయలుదేరుతుంటే మేనేజరు పిలిచాడు. "పెద్ద సారును గట్లంటవా? రేపొచ్చి మాఫీ అడుగు, లేకుంటే పనికి రాకు" అన్నాడు.

వాదించే ఓపిక నాకు లేదు. కానీ మాఫీ అడిగితే, ఇంకొకరు వచ్చి ఆ రెక్క పట్టుకున్నప్పుడు ఏ నోటితో వద్దనాలి? మీరే చెప్పండి.