జోడీవాడి పిస్తోలు

నా జోడీ గురి తప్పేవాడు కాదు. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అప్పట్లో ఎవరైనా అతన్ని మెచ్చుకుంటే నా నోరు ఊరుకునేది కాదు. "వాని చేతిల ఏమున్నది? పిస్తోలు మంచిది దొరికింది" అనేసేవాణ్ణి.

మేమిద్దరం మహబూబ్‌నగర్‌లో ఆర్ముడ్ రిజర్వు కానిస్టేబుళ్లం. తెలంగాణ వచ్చిన కొత్తలో మమ్మల్ని ఒక నాయకుడికి గన్‌మెన్‌లుగా పంపారు. పదిహేను రోజులు నేను, పదిహేను రోజులు అతను. పెద్ద మీటింగులుంటే ఇద్దరం. మాది అమ్రాబాద్ అడవి అంచున గొర్లు కాచుకునే కుటుంబం. అతనిది జడ్చర్ల దగ్గర వ్యవసాయం. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు.

గన్‌మెన్‌కు యూనిఫారం ఉండదు. వదులు చొక్కా బయటికి వేసుకుని, దాని కింద కుడి నడుముకు తోలు పౌచ్, అందులో పిస్తోలు. అది కనపడితే మా సారుకు కోపం వచ్చేది. "తుపాకి జనానికి కనవడొద్దు. కనవడితే దగ్గరికి రారు, దగ్గరికి రాకుంటే ఓట్లెయ్యరు" అనేవారు. కాబట్టి పాలమూరు ఎండల్లో కూడా చొక్కా కింద ఆ కిలో ఇనుము దాచుకుని తిరిగేవాళ్లం. సాయంత్రానికి నడుము దగ్గర చెమటతో చర్మం ఒరుసుకుపోయేది.

సారు కారెక్కే ముందు ఒకసారి వెనక్కి చూసేవారు. నన్ను చూసి, "వాడెప్పుడొస్తడు?" అని అడిగేవారు. వారం తిరక్కముందే ఈ ప్రశ్న రెండు మూడుసార్లు వినాల్సి వచ్చేది. "వచ్చే సోమవారం సార్" అని నవ్వుతూ చెప్పేవాణ్ణి గానీ లోపల కడుపు మండేది. నేనేం తక్కువ చేశాను? అతను తీసే తలుపే నేనూ తీశాను, అతను తోసే జనాన్నే నేనూ తోశాను. అయినా సారు కళ్లు అతన్నే వెతికేవి.

అతనికొక పిచ్చి ఉండేది, ప్రాక్టీసు పిచ్చి. మాకు ఏడాదికోసారి ఫైరింగు ఉంటుంది. అది అయిపోతే మళ్లీ ఏడాది దాకా ఆ ఊసు ఎత్తేవాళ్లుండరు. అతను మాత్రం తన సెలవు రోజుల్లో కూడా ఏ బ్యాచికి ఫైరింగు ఉన్నా వెళ్లి, అయిదు రౌండ్లన్నా ఇప్పించమని బతిమాలుకునేవాడు. డ్యూటీలో ఉంటే పొద్దున్నే సారు ఇంటి వెనుక గదిలో పిస్తోలు ఖాళీ చేసి, మూడుసార్లు చూసుకుని, గోడకు తన భార్య బొట్టుబిళ్ల ఒకటి అంటించి దానికి గురిపెట్టేవాడు. పిస్తోలు మీద రూపాయి బిళ్ల పెట్టుకుని ట్రిగ్గర్ నొక్కేవాడు. బిళ్ల కదిలేది కాదు. ఎవరూ లేనప్పుడు నేనూ చేసి చూశాను. మొదటిసారి బిళ్ల మంచం కిందికి దొర్లింది. రెండోసారీ అంతే. మూడోసారి చూడటానికి బుద్ధి పుట్టలేదు.

మా రిజర్వులో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ ఒకాయన ఉండేవాడు. ముసలి హెడ్ కానిస్టేబులు. పిస్తోలు చేతిలోకి తీసుకుంటే చాలు, మోసేవాడి జాతకం చెప్పేవాడు. ఒకసారి మా ఇద్దరివీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నా పిస్తోలుకు నడుముకు తగిలే వైపు మాత్రమే నల్లరంగు పోయి, చెమటకు తుప్పు చుక్కలు లేచాయి. పౌచ్‌లోని నూగు లోపల పేరుకుంది. అతని పిస్తోలుకు మూతి అంచులు, పైభాగం తెల్లగా మెరుస్తున్నాయి. పిడి మీది గరుకు కూడా అరిగి నున్నబడింది. స్ప్రింగులు రెండుసార్లు మార్పించుకున్నాడు.

"నీది మోసి మోసి అరిగింది బేటా. వానిది పేల్చి పేల్చి అరిగింది" అన్నాడు ఆర్మరర్.

"నాకు గసొంటిది ఇస్తే నేను గూడ కొడత" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నదట ఒకామె" అని ఆయన నా పిస్తోలు నా వైపు తోశాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. నా జోడీ నవ్వలేదు. అతను నవ్వకపోవడం నాకు ఇంకా ఒళ్లు మండించింది.

ఇంతలో మా సారుకు పెద్ద పదవి వచ్చింది. ఇక కాపురం హైదరాబాదులోనే. అక్కడి భద్రత వేరే, మా జిల్లా నుంచి ఒక్కడే వెంట వెళ్లాలి. సారు ఎవరి పేరూ చెప్పలేదు, మా రిజర్వు ఇన్‌స్పెక్టర్‌కే వదిలేశారు. ఆయన మా ఇద్దరినీ నిలబెట్టి, "డిసెంబర్ల ఫైరింగున్నది. దాంట్ల ఎవరు నిలబడితే వాళ్లు పోతరు. నా దగ్గర సిఫారసులు నడవయి" అన్నాడు.

నా భార్యకు పిల్లల్ని హైదరాబాదులో చదివించాలని ఆశ. నేనూ పైకి అదే చెప్పుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, నాకు హైదరాబాదు వెళ్లాలని ఎంత ఉందో, అతను వెళ్లకూడదని అంతకు రెట్టింపు ఉంది.

ఫైరింగుకు ముందు రోజు సాయంత్రం ఆయుధాలు హెడ్‌క్వార్టర్‌లోని ఆయుధాల గదిలో జమ చేయాలి. ఈసారి నా పిస్తోలు కూడా తళతళలాడాలనుకున్నాను. తుపాకి నూనె ఆర్మరర్ దగ్గర ఉంటుంది. మద్దెల మాట అన్నాక ఆయన్ని అడగడానికి నాకు మనసొప్పలేదు. ఇంట్లో నా భార్య కొబ్బరినూనె సీసా ఉంది. మా బాపు గొర్ల ఉన్ని కత్తిరించే కత్తెరకు ఏ నూనె దొరికితే ఆ నూనే రాసేవాడు, అది ఏనాడూ మొరాయించలేదు. నూనె నూనే కదా అనుకున్నాను. మధ్యాహ్నం కూర్చుని పిస్తోలుకు లోపలా బయటా పట్టించాను, తూటాలు పెట్టే మ్యాగజీనులో కూడా పోశాను. దసరాకు పూజలో పెట్టినప్పుడు కూడా అది అంత మెరవలేదు.

తెల్లవారి చలి ఎముకలు కొరికేస్తోంది. నేనే అందరికంటే ముందు వెళ్లాను. ఆయుధాల గదిలో చెవులకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన రిజిస్టరు ముందు కూర్చున్నాడు. ఆయన వెనుక అరలో మా రెండు పిస్తోళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. నాది మెరుస్తోంది. అయినా నా కళ్లు అతనిదాని మీదికే పోయాయి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

"నంబరెంత?" అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండానే.

నేను నా జోడీ పిస్తోలు నంబరు చెప్పాను. నోరు జారిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. ఆ నంబరు ఎదురుగా సంతకం కూడా చేశాను. మేమిద్దరం ఎప్పుడూ జంటగా వచ్చేవాళ్లం కాబట్టి పెద్దాయన ఏ నంబరు ఎవరిదో చూడలేదు.

వరండాలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటుంటే నా జోడీ వచ్చాడు. లోపలికి వెళ్లి బయటికొచ్చేసరికి అతని చేతిలో, అరలో మిగిలిన నా పిస్తోలుంది. పిడి మీది నంబరు చూశాడు. తర్వాత నా నడుము వైపు చూశాడు. నేను లేసులు విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను.

"చలి గట్టిగున్నదన్నా" అని వెళ్లి వ్యానెక్కాడు.

ఫైరింగు రేంజి ఊరి బయట గుట్ట వెనుక ఉంది. మొదటి వరసలోనే నా వంతు వచ్చింది. పది రౌండ్లు. అతని పిస్తోలు చేతిలో ఒదిగిపోయింది, ట్రిగ్గర్ ఎక్కడా పట్టకుండా మెత్తగా కదిలింది. పదిలో ఏడు తగిలాయి. నా సర్వీసులో అంతకు ముందు అయిదు దాటలేదు. సంతోషం వేసింది. ఆ వెంటనే, ఇన్నేళ్లూ ఇంత సుఖం వాడొక్కడే అనుభవించాడా అని ఏడుపూ వచ్చింది.

తర్వాతి వరసలో అతను నిలబడ్డాడు. మొదటి రౌండు పేలింది. రెండోది పేలలేదు. పిస్తోలు పైభాగం సగంలో ఆగిపోయింది. అతను మ్యాగజీను కింద ఒక్క దెబ్బ కొట్టి, వెనక్కి లాగి, ఇరుక్కున్న తూటా దులిపేసి మళ్లీ పేల్చాడు. మళ్లీ ఆగింది. మళ్లీ సరిచేశాడు. అలా పెనుగులాడుతుండగానే విజిల్ మోగింది. పేలినవి నాలుగే. ఆ నాలుగు రంధ్రాలూ అరచేతితో మూసేయగలిగినంత దగ్గరగా ఉన్నాయి. నేను వెళ్లి చూశాను.

ఇన్‌స్పెక్టర్ పిస్తోలు తీసుకుని మ్యాగజీనులో వేలు పెట్టాడు. వేలికి తెల్లగా గడ్డకట్టిన నూనె అంటింది. ఆర్మరర్ వాసన చూశాడు.

"సార్, గిది తలకు రాసుకునే నూనె. రాత్రి చలికి పేరుకున్నది" అన్నాడు.

రేంజి అంతా గొల్లుమంది. "పిస్తోలుకు జడగూడ ఎయ్యకపోయినవా" అని ఎవరో అరిచారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వలేదు. "ఆయుధాన్ని గిట్ల పెట్టుకునేటోడు ఇంకొకని పానం ఎట్ల కాపాడుతడు? నీ మీద నాకు మస్తు నమ్మకముండె" అన్నాడు.

నా జోడీ అటెన్షన్‌లో నిలబడ్డాడు. నంబరు చూడండి సార్ అంటే చాలు. రిజిస్టరు తెప్పిస్తే నా సంతకం కనబడుతుంది. ఇంకొకడి ఆయుధం తీసుకున్నందుకు నన్ను అక్కడే సస్పెండు చేస్తారు. అతను అనలేదు. నేనా, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడ్డాను. ఆర్మరర్ ఆ పిస్తోలును ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, తుప్పు చుక్కల వైపు చూసి, నా వైపు చూశాడు. మా ఇద్దరి మధ్య ఏం నడిచిందో ఆయనకు తెలియదు గనక ఆయన కూడా నోరు విప్పలేదు. హైదరాబాదుకు నా పేరు అక్కడికక్కడే ఖాయమైంది.

ఫైరింగు అయ్యాక ఎవరు పేల్చింది వాళ్లే శుభ్రం చేసి జమ చేయడం మా దగ్గర పద్ధతి. అందరం జంపఖానా పరుచుకుని కూర్చున్నాం. అతను ఛాయ్ డబ్బా దగ్గర నుంచి వేడినీళ్లు తెచ్చి, నా పిస్తోలును ముక్కముక్కా విప్పి, గడ్డలన్నీ కరిగించి, సందుసందునా తుడిచాడు. ఇన్నేళ్లు నేను చూడని తుప్పును కూడా గీకాడు. దాన్ని అంత శ్రద్ధగా చూస్తుంటే నాకు అసూయే కలిగింది. నా వస్తువు కూడా వాడి చేతిలోనే బుద్ధిగా ఉందే అనుకున్నాను.

"నీ చేతికి బాగ కుదిరినట్టున్నదన్నా" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏంది?" అన్నాను.

అతను స్ప్రింగు తీసి వెలుగుకు పెట్టి చూసుకున్నాడు.

హైదరాబాదులో మొదటి రోజే సారు కారెక్కబోతూ వెనక్కి చూశారు. "వాడు రాలేదా?" అన్నారు. ఏం జరిగిందో చెప్పాను, అంటే నేను చెప్పదలచుకున్నంత మేరకు. "కొబ్బరినూనెనా? వాడా?" అని ఆయన నమ్మనట్టే నా మొహంలోకి చూశారు. ఆ పదవి ఉన్నన్నాళ్లూ నేను ఆయన తలుపు తీశాను. అతను మహబూబ్‌నగర్‌లో గేటు దగ్గర సెంట్రీ డ్యూటీలు చేశాడు. పోలీసు లైన్సులో అందరూ అతన్ని జడనూనె అని పిలుస్తున్నారని తెలిసి, మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

సారు పదవి పోయాక నేను తిరిగొచ్చాను. ఆ ఏటి ఫైరింగుకు వెళితే రేంజిలో కొత్త కానిస్టేబుళ్లకు నేర్పుతున్నది నా జోడీయే. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. జడనూనె అన్న పేరు ఎప్పుడు పోయిందో పోయింది, ఇప్పుడు పిల్లలంతా ఉస్తాద్ అంటున్నారు. అతను ఒకడి మణికట్టు కొంచెం సరిచేసి పక్కకు జరిగాడు, వాడు పేల్చాడు, తగిలింది. నా జోడీ మొహంలో వెలుగు చూసి నా కడుపు పాత చోటే మండింది. వాణ్ణి గేటు దగ్గర నిలబెట్టిన వాణ్ణి నేను, అయినా వాణ్ణి చూసి ఏడుస్తున్నవాణ్ణీ నేనే. ఆ రోజు నా మీద నాకే విసుగొచ్చింది.

అందరూ వెళ్లాక ఛాయ్ దగ్గర దొరికాడు.

"తమ్మీ, ఆ దినం నీ నంబరు నేను కావాలనే చెప్పిన" అన్నాను.

"ఎరుకే అన్నా."

"ఎరుకుంటే ఇన్‌స్పెక్టర్ సార్‌కు ఎందుకు చెప్పలే?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "నేను చెప్తే నీ నౌకరి మీదికొస్తుండె. నువ్వే పోయి చెప్పుకుంటే మందలించి ఇడిచిపెడుతుండె. నలుగురి ముంగట చెప్పనీకె నామోషి గావచ్చు, జమ చేసినంక ఒక్కనివే పోయి చెప్తవనుకున్న. అందుకే పెద్దగేటు కాడ నీ కోసం కూసున్న, చీకటిపడే దాక."

నాకు గుర్తుంది. అతను అక్కడ కూర్చోవడం నేను చూశాను. చూసే, వెనుక గేటు నుంచి బయటపడి మూడున్నరకే ఇంటికి బస్సెక్కాను.