రెండోసారి పాడాకే అగ్గిపుల్ల

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను స్కూల్లో తొమ్మిదో తరగతి సైన్సు పేపర్లు దిద్దుతున్నాను. ఫోన్ చేసింది గోదారి మధ్యనున్న లంకకి పడవ నడిపే బాబాయి గారు. "నిన్న సాయంత్రం కూడా రెల్లు ఎండిందా అని అడిగేరమ్మా. ఎండిందండీ అన్నాను. పొద్దున్న టీ ఇద్దామని మా ఆవిడ వెళ్తే లేవలేదు" అన్నారు. తర్వాత ఆయనే నెమ్మదిగా, "మరి ఈ ఏడు రెల్లు ఎవరు కాలుస్తారమ్మా?" అని అడిగారు. చావు కబురులో ఆ ప్రశ్న విని నాకు కోపం రాలేదు. పెద్దమ్మ వింటే, ఒక్కడైనా పనికొచ్చే మాట అడిగాడని మెచ్చుకునేది.

నేను వెళ్ళేసరికి వీధి గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. సమాధి దగ్గర పాస్టరు గారు ఆమె శాంతమూర్తి అన్నారు. పాపం, ఆయన ఊరికి కొత్త. మా పెద్దమ్మకి అతకని మాట ఏదైనా ఉందంటే అదే. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, వాదించకుండా తప్పించుకున్నవాళ్ళూ తక్కువే.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. ఐ.పోలవరం దాటాక గోదారి గట్టు పక్కనున్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి అక్కడే రిటైరయింది. మా ముత్తాతలు లంకల్లో కూలికి గడ్డి కోసినవాళ్ళు. అందులో ఒక లంకలో తాతయ్య పేరున మూడెకరాలకి పట్టా వచ్చింది. ఆ మూడెకరాల్లోనూ పెరిగేది రెల్లే. అమ్మేసి అమలాపురంలో స్థలం కొనుక్కోమని అందరూ చెప్పి చెప్పి ఊరుకున్నారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకీ, పొలం ఎందుకు అమ్మలేదని అడిగినవాళ్ళకీ ఆమె ఒకటే జవాబు చెప్పేది. "తీరిక దొరకలేదండీ."

రెల్లు సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఏటేటా ముదిరి ఎండిన రెల్లుని కాల్చకపోతే కింద చెత్త పేరుకుపోయి కొత్త చిగురు రాదు, గేదెలకి మేత ఉండదు. ఎండాకాలంలో ఎవడో పారేసిన బీడీ ముక్కకి లంకంతా ఒక్కసారే అంటుకుంటుంది. అందుకని మా వాళ్ళు ఎండలు ముదరకముందే కాలుస్తారు. పెద్దమ్మ తన మూడెకరాలని మూడు చెక్కలు చేసి ఏడాదికి ఒక్క చెక్కే కాల్చేది. పక్క చెక్కకీ దీనికీ మధ్య గడ్డి కోయించి, వెడల్పుగా బాట తీయించి, బిందెలతో నీళ్ళు పోయించి తడిపేది. మంచు ఆరాక, గాలి లేవకముందు, ఆడవాళ్ళందరూ వరసగా పళ్ళేలు కొట్టుకుంటూ రెల్లులోంచి ఆ బాట వైపు నడిచేవారు. లోపలున్న కౌజుపిట్టలూ, ముంగిసలూ, నీటిపిల్లులూ బాట దాటి పక్క చెక్కలోకి పోయేవి. నీటిపిల్లి అంటే ఏటిలో చేపలు పట్టుకు తినే అడవిపిల్లి. పొడ మచ్చలుంటాయి, ఇంటిపిల్లికి రెండింతలుంటుంది.

అప్పుడు కూడా నిప్పు పెట్టనిచ్చేది కాదు. మా చర్చిలో అందరికీ నోటికొచ్చిన నాలుగు చరణాల కీర్తన ఒకటుంది. అది మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు పాడాలి. పడవ బాబాయి గారి ఇంటి ఆడవాళ్ళు గుడికి వెళ్ళేవాళ్ళు, అయినా ఆ నాలుగు చరణాలూ వాళ్ళకీ వచ్చు. రెండుసార్లెందుకని చిన్నప్పుడు అడిగాను.

"ఒకసారి పాడితే ఒంటరిగా ఉన్నది పోతుందే. పిల్లలున్న తల్లి ఒకదాన్ని నోట కరుచుకుని వెళ్ళి, దింపి, మళ్ళీ రావాలి. దానికి రెండోసారి" అంది పెద్దమ్మ.

నా బి.ఎడ్ అయిన ఏడు కీర్తన ఎత్తే పని నాకిచ్చింది. ఆ రోజు నాకు అమలాపురంలో ఇంటర్వ్యూ, పన్నెండింటి బస్సు అందుకోవాలి. మొదటిసారి బాగానే పాడాను. రెండోసారి రెండో చరణం నుంచి నేరుగా నాలుగోదానికి వెళ్ళిపోయాను. నేనెత్తిందే అందరూ అందుకున్నారు. పెద్దమ్మ బాట అవతలి కొసన, మంట దాటితే ఆర్పడానికి గోనెలు తడిపిస్తోంది, ఆమెకి వినపడలేదు. పాట అయిపోయిందని అగ్గిపుల్ల గీసింది నేనే.

మంట చల్లారాక బాట పక్కన, అడుగు దూరంలో, పిడికిలంత నీటిపిల్లి పిల్ల కాలిపోయి దొరికింది. తడి మట్టిలో తల్లి అడుగులు కనిపించాయి. ఒక వరస అవతలికి వెళ్ళింది. ఇంకో వరస ఇవతలికి వచ్చి, మసి మొదలయ్యే చోట ఆగిపోయింది.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. "మూడో చరణం ఎంతసేపు పడుతుందో తెలిసిందా?" అని మాత్రం అడిగింది. మరుసటి ఏడు నేను రానంటే ఇంటికొచ్చి పడవెక్కించి, మళ్ళీ నా చేతే కీర్తన ఎత్తించింది. ఇంకెవరికైనా ఇవ్వచ్చు కదా అంటే, "భయపడ్డ మనిషే నెమ్మదిగా పాడుతుంది" అంది. అప్పటినుంచి ఆ పని నాదే అయింది.

ఆమెకి ఇంకో అలవాటుండేది. స్కూల్లో పిల్లలకి హాజరు వేసినట్టే లంకకీ హాజరు పట్టీ పెట్టింది. పాత అటెండెన్సు రిజిస్టర్లలో మిగిలిన పేజీలన్నీ దానికే. పిల్లల పేర్లుండాల్సిన చోట తీతువు, కౌజు, జెముడుకాకి, నీటిపిల్లి అని రాసుకునేది. తీతువు నేల మీద మొదటి గుడ్డు ఏ రోజు పెట్టిందో, పిల్లలు ఏ రోజు లేచాయో ఎర్ర సిరాతో వేసేది. ఏ ఏడైనా కౌజుపిట్ట కనపడకపోతే పక్కన 'గైర్హాజరు, కారణం విచారించాలి' అని ఉంటుంది. చదివి నవ్వేదాన్ని. "నవ్వకే, ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు ఎప్పటికైనా" అనేది.

కొన్నేళ్ళ క్రితం నిజంగానే ఫారెస్టు వాళ్ళు వచ్చారు. లంకల్లో అనుమతి లేకుండా గడ్డి కాల్చకూడదనీ, వన్యప్రాణులకీ గూళ్ళకీ హాని చేస్తే కేసనీ ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో అందరూ గొణిగారు గానీ పెద్దమ్మ సంతోషపడింది. వన్యప్రాణి చట్టం తెలుగు పుస్తకం తెప్పించుకుని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. పిల్లిని కూడా మనిషిగా చూసే కాగితం ఇన్నాళ్ళకి వచ్చిందంది. డిసెంబరులోనే అందరికంటే ముందు దరఖాస్తు పెట్టింది.

అనుమతి ఏప్రిల్లో వచ్చింది. గుడ్ ఫ్రైడే వారంలో ఫారెస్టు ఆఫీసు నుంచి గార్డు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. పెద్దమ్మ కాగితం తీసుకుని, అతన్ని అదే పడవలో లంకకి తీసుకెళ్ళింది. బాటలో, కోసిన గడ్డి మొదళ్ళ మధ్య, తీతువు నాలుగు గుడ్లు పెట్టుకుని కూర్చుంది. వీళ్ళని చూసి లేచి నెత్తి మీద ఒకటే అరుపు.

"ఇప్పుడు కాల్చమంటారా?" అంది పెద్దమ్మ.

"మీ ఇష్టమండీ. పర్మిషన్ ఇచ్చేరు కదా."

"ఆయ్, నాకిచ్చేరు. ఈ పిట్టని ఎవరడిగేరండీ?"

ఆ ఏడు ఆమె కాల్చలేదు. చేతిలో అనుమతి ఉండి కాల్చని మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు అనుమతి కోసం ఆగలేదు. ఇదివరకు నిప్పు పెట్టినవాడు చల్లారేదాకా అక్కడే నిలబడేవాడు. ఉత్తర్వు వచ్చాక నాలుగు పక్కలా అంటించి పారిపోవడం మొదలుపెట్టారు. అలా అంటిస్తే లోపలున్న ప్రాణికి దారెక్కడుంటుంది? రొయ్యల చెరువులకి నేల చదును చేసుకునేవాళ్ళు కూడా అదే పని చేశారు. అంటించిందెవరో తెలియదు కాబట్టి ఎవరి మీదా కేసు లేదు.

మరుసటి ఏడు పెద్దమ్మ ఆగస్టులోనే దరఖాస్తు పెట్టింది. జనవరి ఆఖరుదాకా చూసింది. జవాబు రాలేదు. అప్పుడు రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపింది. ఫలానా రోజు ఉదయం తొమ్మిదింటికి ఒక చెక్క రెల్లు కాలుస్తున్నాననీ, పక్షులు గుడ్లు పెట్టేలోపు ఈ పని అయిపోవాలనీ, తమరు దయచేసి వచ్చి చూడవలసిందనీ రాసింది. కింద సంతకం, ఫోన్ నంబరు, పడవ ఎక్కడ ఎక్కాలో కూడా.

గార్డు వచ్చాడు. పళ్ళేలు కొట్టడం, రెండుసార్లు పాడటం అన్నీ చూశాడు. మంట చల్లారాక కాగితాలు తీశాడు. పెద్దమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. "ఆయ్, కాల్చింది నేనేనండి. పేరు సరిగ్గా రాసుకోండి, ఇంటిపేరు ముందు రావాలి" అంది. అతను తల ఎత్తకుండా రాసుకున్నాడు.

ఆ కేసు ఏళ్ళ తరబడి నడిచింది. వాయిదా ఉన్న రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, హాజరు పట్టీలన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళేది. తప్పయిందని ఒక్క సంతకం పెడితే కొట్టేస్తారని అందరూ చెప్పారు. నేనూ చెప్పాను, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కుతుంటే చూడలేక చెప్పాను. "కాల్చేనని వంద సంతకాలు పెడతాను. తప్పని ఒక్కటీ పెట్టను" అంది. "నాకు చట్టం మీద కోపం లేదే. దాని క్యాలెండరు మీద కోపం. తీతువు ఎప్పుడు గుడ్డు పెడుతుందో వాళ్ళకి తెలియదు. నా దగ్గర రాసుంది. జడ్జి గారు ఒక్కసారి ఆ పట్టీ తెరిచి చూస్తే చాలు" అంది. ఏటా జనవరిలో దరఖాస్తుకి జవాబు లేకపోవడం, ఏటా ఉత్తరం, ఏటా ఆ కేసుకి ఇంకో కాగితం చేరడం, ఇలాగే జరిగింది. పట్టీ తెరిచే వాయిదా మాత్రం రాలేదు.

సమాధి అయిన మూడో రోజు లాయరు గారు ఫోన్ చేశారు. ముద్దాయి చనిపోయారు కాబట్టి కేసు ముగిసిపోతుందన్నారు. "ఇంకేం ఇబ్బంది లేదమ్మా" అని ధైర్యం కూడా చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె కేసు పోవాలని కోరుకోలేదు, విచారించాలని కోరుకుంది. ఇన్నేళ్ళ ఎర్ర సిరా గుడ్డసంచిలోనే ఉండిపోతే ఇబ్బంది లేకపోవడం ఏమిటి? ఆ సాయంత్రమే కూర్చుని, ఏటా ఫారెస్టు ఆఫీసుకి వెళ్ళే ఆ ఉత్తరమే రాశాను. మాటలన్నీ ఆమెవే, సంతకం నాది. మా ఆయన చదివి, "ప్రభుత్వ ఉద్యోగివి, ఆలోచించుకున్నావా?" అన్నారు. ఆలోచించుకున్నానని చెప్పి పోస్టాఫీసుకి వెళ్ళాను.

ఉత్తరంలో రాసిన రోజున లంకలో పడవ దిగేసరికి గార్డు అప్పటికే వచ్చి ఉన్నాడు. మీసాలు నెరిశాయి. "టీచరమ్మ గారు పోయేరని తెలిసిందండి. ఆ కేసెలాగూ పోయింది. మళ్ళీ ఎందుకు మేడమ్, మీకీ తలనొప్పి?" అన్నాడు.

"మళ్ళీ పెట్టండి. ఈసారి నా పేరు రాయండి. సాక్ష్యానికి ఇవి కూడా రాసుకోండి" అని సంచి అతని ముందు పెట్టాను.

ఆడవాళ్ళు పళ్ళేలు కొట్టుకుంటూ వచ్చారు. రెండు కౌజులు ఎగిరాయి, ముంగిస ఒకటి బాట దాటింది. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని కీర్తన ఎత్తాను. పడవ బాబాయి గారి ఆవిడ అందుకుంది. మొదటిసారి పాట పూర్తవుతుండగా రెల్లు కదిలి నీటిపిల్లి బయటికొచ్చింది. నోట్లో పిల్ల. మమ్మల్నందరినీ ఒక్క చూపు చూసి, తడి బాట మీదుగా అవతలికి పోయింది. రెండోసారి మూడో చరణంలో ఉండగా వెనక్కి వచ్చి మళ్ళీ రెల్లులో దూరింది. నాలుగో చరణం అయిపోయింది. అది రాలేదు.

అందరూ నా చేతి వైపు చూస్తున్నారు. లెక్క ప్రకారం రెండుసార్లు పాడేశాం. గాలి కూడా లేస్తోంది. నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి గార్డు గొంతు వినిపించింది, చాలా మెల్లిగా.

"ఇంకోసారి పాడండి మేడమ్. అదింకా లోపలే ఉంది."

మూడోసారి పాడాం, ఒక్క మాట వదలకుండా. నేను కీర్తన ఎత్తడం మొదలుపెట్టాక అంత నెమ్మదిగా ఎప్పుడూ పాడలేదు. పాట అయ్యేదాకా అది ఎవరి కంటా పడలేదు, గాలి ఇంక ఆగేలా లేదని పుల్ల గీశాను. చెక్క మొత్తం కాలి చల్లారాక గార్డు నా పేరు రాసుకున్నాడు. ఇంటిపేరు ముందు రాశాడో లేదో చూసి సంతకం పెట్టాను. తర్వాత ఒక్కదాన్నే బాట వెంట నడిచి వెతికాను. తడి మట్టిలో మూడు వరసల అడుగులున్నాయి. ఒకటి అవతలికి వెళ్ళింది, ఒకటి ఇవతలికి వచ్చింది. మూడో వరస, పిల్లని మోసిన మొదటిదానిలాగే కాస్త లోతుగా దిగబడి, బాట దాటి, పచ్చగా నిలబడ్డ పక్క రెల్లులోకి వెళ్ళిపోయింది.