మామిడి అంటులో ఏసయ్య

ఆ రోజు తిరుపతి నుంచి కాట్పాడి వెళ్లే రైల్లో నా ఎదుట కూర్చున్న సుగుణ చిత్తూరులో డ్రాయింగ్ టీచరు. తమ చర్చికోసం తాను గుడ్డ మీద వేసిన బొమ్మను విప్పి, రంగు ఆరిందో లేదో చూసుకుంటోంది. శిలువ ఉండాల్సిన చోట మామిడి చెట్టు ఉంది. దాని మొదలుకు గాటు, ఆ గాటులో వేరే కొమ్మ, రెండింటినీ కలిపి కట్టిన ఎర్రగుడ్డ.

ఊరుకోవడం నాకు చేతకాదు. "బెత్లెహేములో మామిడి తోటలున్నాయా అమ్మా?" అన్నాను.

"బైబిల్లో ఏసయ్య చెప్పినట్టు ద్రాక్షతీగ గీస్తే మావోళ్లకేం తెలుస్తాదక్కా? మా నాయన బతుకంతా మామిడి అంట్లు కట్టినాడు. ఈ చెట్టు ఏసయ్య, ఈ కొమ్మ మనం."

"చెట్టును కొయ్యకుండా కట్టకూడదా?"

"సూడక్కా, గాటు పెట్టకుండా ఉత్తగా కడితే ఎన్నేండ్లకీ అతుక్కోదు. ఆ గాయంలోంచే కొమ్మకు జీవమెక్కేది."

నేను వేలూరు వెళ్తున్నది తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి. విశాఖలో ధైర్యంగానే రైలెక్కాను గానీ, పాకాలలో దిగి వెనక్కి పోదామా అనిపించింది. ఆ మాటే ఆమెతో అన్నాను.

"గాటు పెట్టించుకునేదానికి పోతా నాతో వాదిస్తాండావా!" అని నవ్వి, నా చెయ్యి పట్టుకుని చిత్తూరు వచ్చేదాకా ప్రార్థన చేసింది. రోజూ దీపం పెట్టే మనిషినే అయినా, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు తమ్ముడు నాతో సమానంగా గొంతెత్తి పోట్లాడుతున్నాడు. వాడి అరుపు విన్నప్పుడల్లా నా చెయ్యి నడుం పక్కనున్న ఆపరేషన్ మచ్చ మీదికి పోతుంది, ఆ ఎర్రగుడ్డ గుర్తొస్తుంది. ఏ దేవుడికని వాదించకుండా దండం పెట్టుకుంటాను.