అక్క దప్పిక

నమ్మకపోతే మానండి. మా అక్క మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం లేదు. అవి అరవైల నాటి మాటలు. కర్నూలులో వైద్యం చదువుతున్నాను. లోపలికి పోయిన నీళ్లు చెమటగానో, ఊపిరిలోనో, మూత్రంగానో బయటికి రావాల్సిందే... ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. నా తెలివి మీద నాకు గొప్ప నమ్మకం కూడా!

వేసవి సెలవులకు కంబదూరు వచ్చాను. మాది పరుపులు కుట్టే ఇల్లు. నాయన పరుపులు అమ్మడానికి మడకశిర పోయి ఉన్నాడు. నన్ను చంకనెత్తుకుని పెంచిన మా అక్క మస్తానమ్మకు ఆ రోజే వాంతులు, భేదులు పట్టుకున్నాయి. పొద్దుగూకేసరికి కళ్లు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే... మడత అట్లాగే నిలబడింది. పొద్దున్నుంచి మూత్రం చుక్క లేదు. అది రాకపోతే మనిషి దక్కదని చదువుకున్నాను. ఆస్పత్రికి పోవాలంటే తెల్లవారితే గానీ బస్సు లేదు.

"నీళ్లు ఇయ్యొద్దురా. ఇస్తే ఇంకా భేదులైతాయి," అంటూ అమ్మ కుండకు అడ్డం కూర్చుంది.

"ఇయ్యకుంటేనే చస్తాదమ్మా! జరుగు!" అని అరిచాను.

ఉప్పేసిన గంజి చెంచాతో పోస్తూ కూర్చున్నాను. సగం కక్కేసేది. నడిరేయికి మూలగడం కూడా మానేసింది.

సరిగ్గా అప్పుడు... నాకు దప్పిక మొదలైంది.

మామూలు దప్పిక కాదు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఒక చెంబు తాగాను. గట... గట... గట. గొంతు తడవలేదు. ఇంకో చెంబు. మరొకటి... కుండ అడుగున చెంబు గీసుకున్న చప్పుడైంది.

"ఏమిరా... యాడికి పోతాండాయి ఆ నీళ్లు?" అంది అమ్మ, నన్ను వింతగా చూస్తూ.

కడుపు ఉబ్బలేదు. చెమట లేదు. చొక్కా పొడిగా ఉంది. పెరట్లోకి పోయి నిలబడ్డాను... ఒక్క చుక్క రాలేదు.

వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాడి వెతికాను... లేదు. మళ్లీ వెతికాను... దొరికింది. సన్నగా. అది కొట్టినప్పుడల్లా... నా గొంతులో దప్పిక కూడా కొట్టుకుంటోంది. అదే తాళం.

నిజం చెప్తున్నా, చెయ్యి వదిలేసి పారిపోదామనిపించింది. వదల్లేదు. మా అక్క కదా. అమ్మ పక్కింటి నుంచి కడవతో నీళ్లు తెచ్చింది. అవీ తాగాను.

కోడి కూసే వేళ అక్క కళ్లు తెరిచింది.

"అమ్మా... ఒంటికి పోవల్ల."

ఇద్దరం చెరో రెక్క పట్టుకుని నడిపించాం. నేను గోడకు ఇవతల ఆగిపోయాను. బండల మీద చప్పుడు మొదలైంది... ఆగదే! ధారగా పోతూనే ఉంది. రాత్రంతా కలిపి ఆమె మింగింది రెండు గ్లాసుల గంజి కూడా ఉండదు. గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అంత తీయని చప్పుడు మళ్లీ వినలేదు. అప్పుడు చూసుకుంటే... నా దప్పిక లేదు.

నాకు మాత్రం ఆ సాయంత్రం దాకా చుక్క రాలేదు.

"భయంతో చెమట పట్టి ఉంటుంది. వడగాలికి ఆరిపోయి ఉంటుంది," అని మా ప్రొఫెసరు తేల్చేశారు. అయి ఉండొచ్చు.

అక్కకు చెప్తే పడీపడీ నవ్వింది. "తాగింది ఎవురైతే ఏమప్పా? ఇద్దరం ఉండామా, లేదా?"

ఉన్నాం. నాకు అదే చాలు. కానీ ఆ రాత్రి నా గొంతుతో నీళ్లు తాగింది ఎవరో... ఏమో, ఇప్పటికీ తెలియదు.