బేత్లెహేములో తలుపు తట్టినవాడు

ఈజిప్టులోని మల్లావీ పట్టణ చరిత్ర రాసినవాళ్లు ఫరోల దగ్గర మొదలుపెట్టి రైలు స్టేషను దగ్గర ఆగిపోయారు. సిధోమ్ తలుపు తట్టడాన్ని పూర్తిగా వదిలేశారు. చిన్న లోపం కాదు ఇది. చర్చి వెనక, పూజ రొట్టెలు కాల్చే పొయ్యిగదిని అక్కడివాళ్లు బేత్లెహేము అంటారు. దాని తాళంచెవి సిధోమ్ జేబులోనే ఉంటుంది. లోపల ఎవరూ ఉండరు. అయినా అతడు తాళం తీశాక మూడుసార్లు తట్టి, కాసేపు ఆగి, అప్పుడు చెప్పులు విడిచి లోపల అడుగు పెడతాడు.

కీర్తన మధ్యలో ఎవరూ లోపలికి రాకూడదన్నది అంతకుముందు ఆ పొయ్యి చూసుకున్న ఫానూస్ మామ పెట్టిన చట్టం. ఆ ముసలాయన కీర్తనలన్నీ పుస్తకం లేకుండా చదువుతూ పిండి పిసికేవాడు. ఒక్కో కీర్తన చివర ఒక దగ్గు. నలభై ఏళ్లొచ్చేదాకా మైక్రోబస్సు నడిపిన సిధోమ్‌ను తొమ్మిదేళ్లు పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. పిండిలో ఉప్పు పడకూడదు, కబుర్లు అసలే పడకూడదు. "కీర్తన లేకుండా పిసికావనుకో, ఆ పిండి వినేది నీ ఆయాసమేరా" అనేవాడు.

పోయిన ఏడాది క్రిస్మస్ ఉపవాసాల్లో ఆయన పోయాడు. దగ్గు మాత్రం పోలేదు. సిధోమ్‌కు పొయ్యి వెనక నుంచి వినబడుతూనే ఉంది. భార్య ఇన్సాఫ్‌కు చెబితే, "పొగగొట్టం తుడిపించండి" అంది.

ఈ ఏడాది క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం పిండిలో చెయ్యి పెట్టాడో లేదో, చర్చి కమిటీ కార్యదర్శి రవూఫ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"సిధోమన్నా, గవర్నరు గారి తరఫు మనిషి వస్తున్నాడు. కుర్చీలు!"

"పిండిలో ఉన్నాను సార్."

"పిండి ఎక్కడికీ పోదు. కుర్చీలే పోతున్నాయి, పక్కవీధి పెళ్లివాళ్లు మోసుకుపోతున్నారు."

కుర్చీలయ్యాక రంగు బల్బులు. బల్బులయ్యాక ఇన్సాఫ్ ఫోను: "నలభై మూడు రోజుల ఉపవాసం బాతు లేకుండానే విడవమంటారా, లేక మీరే బజారుకెళ్తారా?"

మూడోసారి తిరిగొచ్చేసరికి ముద్ద గుడ్డ కింద నున్నగా ఉంది. ఎన్నో కీర్తన దాకా వచ్చాను? ఎనభై రెండు కుర్చీలు గుర్తొచ్చాయి. మాడిపోయిన బల్బు గుర్తొచ్చింది. బాతు గుర్తొచ్చింది. కీర్తన ఒక్కటీ గుర్తు రాలేదు, ఎందుకంటే చదవలేదు.

పొయ్యి వెనక దగ్గు వినబడింది.

సిధోమ్ ముద్దంతా గిన్నెలోకి ఎత్తి, ఇంటి రొట్టెలకు పంపించడానికి బయట పెట్టాడు. రవూఫ్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"మళ్లీ కలుపుతావా? ఇంకో మూడు గంటల్లో ప్రార్థన! రొట్టె లేకపోతే పూజే లేదు, తెలుసా?"

"కీర్తనలు చదవలేదు సార్."

"ఇప్పుడు చదివెయ్. ముందు చదివావో వెనక చదివావో పిండికేం తెలుసు?"

"ఆయనకు తెలుస్తుంది."

"ఎవరికి, దేవుడికా?"

సిధోమ్ పొయ్యి వైపు చూశాడు. రవూఫ్ కూడా అటే చూసి, ఇంకేదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు.

తలుపు గడియ పడింది. కొత్త పిండి, నీళ్లు, పులిసిన పిండి కాస్త. సిధోమ్ గొంతెత్తి చదువుతూ పిసికాడు. ముప్పయ్యో కీర్తన దాటాక ఒకచోట మాట తప్పిపోయింది. చేతులు ఆగిపోయాయి. అప్పుడు పొయ్యి వెనక నుంచి, తగ్గు స్వరంలో, ఆ పాదం ముందుకు సాగింది.

అతడు వెనక్కి తిరగలేదు. చీకట్లో ముందు నడిచే మనిషి అడుగుల చప్పుడు పట్టుకుని నడిచినట్టు ఆ గొంతు వెంటే చదివాడు. కీర్తన చివర దగ్గు వచ్చింది. అది అయ్యేదాకా ఆగి, తరవాతది ఎత్తుకున్నాడు. పిండి పొంగాక రొట్టెల మీద శిలువ ముద్ర ఒత్తి, క్రీస్తు గాయాలకు గుర్తుగా ఒక్కోదానికి అయిదేసి చిల్లులు పొడిచాడు. ఆఖరి చిల్లు పొడిచేటప్పుడు గదిలో వినబడింది అతడి గొంతు ఒక్కటే. ఎప్పటినుంచి ఒంటరిగా చదువుతున్నాడో తెలియలేదు.

పొయ్యిలోంచి తీసిన, వేడి తగ్గని రొట్టెలు గంపలోకెత్తి, గడియారం చూసి పరుగు తీశాడు. పావుగంట ఆలస్యం. అయ్యగారికి ఏం చెప్పాలో, పొయ్యి వెనక ఎవరున్నారని చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాడు.

మైకు పాడై, ప్రార్థన ఇంకా మొదలే కాలేదు.