పూజలో పెట్టిన గడ్డపార

కుందుర్పి వైపు పల్లెకు చెందిన బసప్ప ఒక ముగ్గురాయి గనిలో చాలా ఏండ్లు ఒకే పని చేసినాడు. ఉదయము అందరికంటె ముందు సొరంగములోనికి దిగి, గడ్డపారతో పైకప్పును తట్టుచు పోవుట అతని విధి. గట్టి రాయి ఖంగుమనును. పొర విడిచిన రాయి డొల్లగా పలుకును. డొల్ల పలికిన రాతిని పెకలించి కింద పడవేసి, అతడు సరే అనినగాని కూలీలు లోపల అడుగు పెట్టరు.

గత సంవత్సరము ఆయుధపూజ నాడు, ఆనవాయితీ ప్రకారము, పనిముట్లన్నియు కడిగి పసుపు కుంకుమలు పెట్టి గనివాకిట ఉంచినారు. మరునాడు టెంకాయ కొట్టువరకు వాటిని ముట్టరాదు. ఆ దినము సెలవు. అయినను మధ్యాహ్నము లారీ వచ్చినది. పూజకు వచ్చిన కూలీలు లోపల మిగిలిన రాయిని మోయవలెనని మేనేజరు విష్ణువర్ధన్ గనివాకిట నిలిచి అరచి ఆదేశించినాడు.

"ముందు కప్పు చూడల్ల సార్. గడ్డపార పూజలో ఉండాది," అన్నాడు బసప్ప.

"తవ్వేది లేదు, మోసేదే కదా. గడ్డపార ఎందుకు?"

"మోసేటోని నెత్తిమీద గూడా అదే కప్పు సార్."

"నువ్వు దిగకుంటే దిగేవాళ్లు దొరుకుతారు."

బసప్ప గడ్డపారకై చెయ్యి చాచినాడు. పూజ చేసిన మేస్త్రీ కొండప్ప అడ్డము వచ్చినాడు. "ముట్టొద్దప్పా! అరిష్టం తెచ్చి మా నెత్తిన పెడతావా?"

బసప్ప మేనల్లుడు ఎర్రన్న నవ్వినాడు. "మామా, ముట్టుకుంటే దేవుడు కొడతాడు, ముట్టుకోకుంటే కప్పు కొడతాది. సారును మాత్రం ఎవరూ కొట్టరు."

బసప్ప ఒక కట్టె తీసుకొని దిగినాడు. కట్టెతో తట్టగా గట్టిరాయియు డొల్లరాయియు ఒకే తీరున పలికినవి. అట్లే పలుకునని అతనికి ముందే తెలియును. తెలిసియు, పైనున్నవారు తొందరపెట్టగా, సరే అన్నాడు.

కూలీలు దిగిన కొంతసేపటికి, రాయి మోయుచున్న ఎర్రన్న మీద తలుపంత రాతిపలక పడినది. దానిని లేపుటకు పూజలోని గడ్డపారలను కొండప్పయే పరుగెత్తి తెచ్చినాడు. అప్పటికే ఎర్రన్న ప్రాణము పోయినది.

మేనేజరు ఆదేశము మౌఖికమైనందున దానికి ఆధారము లేదని విచారణలో తేల్చినారు. కొండప్పను అడిగినారు. "సారు చెప్పింది నాకు వినపడలేదు," అన్నాడు. కప్పును సరిగా పరీక్షించలేదను కారణముతో బసప్పను తొలగించి, ఆ ఉద్యోగమును కొండప్పకు ఇచ్చినారు. ఎర్రన్న భార్య ఈశ్వరి నేటికిని బసప్ప గడప తొక్కదు.

ఒక దినము టీ అంగడి వద్ద కొండప్ప వచ్చి బసప్ప పక్కన కూర్చున్నాడు.

"నిజం చెప్పింటే నా పని గూడా పోతాండె బసప్పా. నన్నేం చేయమంటావు?"

బసప్ప టీ తాగకనే లేచినాడు.

"పక్కనుండి అరిచిన సారు మాటే వినపడనోనికి, కప్పు మాట యాడ వినపడతాదప్పా?"