మా గల్లీ ఇచ్చిన ప్రమోషన్

నా చిన్నప్పుడు మా గల్లీలో మనుషులకు పేర్లు తక్కువ, హోదాలు ఎక్కువ. సూరత్‌లో ఖటోదరా మరమగ్గాల కార్ఖానాల వెనక ఒకే వరుసలో గదులు. వాటిలో సగానికి పైగా తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలే ఉండేవి. మగ్గానికి నట్టు బిగించడం వచ్చినవాడు మాస్టర్. ఊళ్ళో ఎప్పుడో మందుల దుకాణంలో పొట్లాలు కట్టినవాడు డాక్టర్ సాబ్. మా నాన్న ఒకసారి కార్ఖానా సేఠ్‌కు ఎదురు నిలబడి మాట్లాడాడని ఆయన వకీల్ సాబ్ అయిపోయాడు, చదివింది మాత్రం ఐదో తరగతే. ఇదంతా వెక్కిరింపు కాదు. పొద్దంతా మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడకుండా బతికేవాళ్ళు బయటికొచ్చాక ఒకరినొకరు కాస్త పెద్ద చేసి పిలుచుకునేవాళ్ళు. అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు.

మా పక్కగది తాత అట్లాగే సుబేదార్ తాత అయ్యాడు. మిలిటరీ నుంచి వచ్చేసి మా కార్ఖానా గేటు దగ్గర కాపలా ఉండేవాడు. మా గేటుకు సుబేదార్ ఉన్నాడని సేఠ్ వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట గేటు దాటి గల్లీలోకి వచ్చి స్థిరపడిపోయింది. తాతకు భార్య పోయింది, పిల్లలు లేరు. మా అమ్మ రోజూ గిన్నెలో కూర పంపేది, తీసుకెళ్ళేది నేనే. కాపలా స్టూలు మీద కూర్చోవడానికి కూడా ఆయన బూట్లకు పాలిష్ పెట్టుకునేవాడు. పిల్లలం ఆటకు సెల్యూట్ కొడితే, ఆయన మాత్రం ఆటగా తీసుకోకుండా లేచి నిలబడి తిరిగి కొట్టేవాడు.

ఒక ఏడు పంద్రాగస్టుకు మా నేతవాళ్ళ సమాజం పెద్దలు తాతకు శాలువా కప్పాలని నిర్ణయించారు. ఊరికే కప్పితే మన గొప్ప నలుగురికీ తెలియదు కదా. అందుకని పెద్ద గుడ్డ మీద రంగులతో ‘యుద్ధవీరుడు సుబేదార్ గారికి సన్మానం’ అని రాయించి కొన్ని రోజుల ముందే గల్లీ మొదట్లో కట్టారు. తెలుగులో ఒకసారి, గుజరాతీలో ఒకసారి. గుడ్డ కట్టిన రోజు నేను తీసుకెళ్ళిన కూర తాత ముట్టలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ చారు కాచి పంపింది, అదీ అట్లాగే ఉంది.

తెల్లారి తాత మా ఇంటికొచ్చి, బిడ్డను జర బజారుకు తోలుకపోత, గుజరాతీ బోర్డులు చదవాలె అని అమ్మనడిగాడు. నేను గుజరాతీ బడిలో చదివేదాన్ని. ఆవిరి మీద ఉడికించే శనగపిండి ఖమణ్ తినిపిస్తానన్నాడు కాబట్టి బడి ఎగ్గొట్టడానికి నాకేమీ అభ్యంతరం లేకపోయింది. తీరా బస్సెక్కాక చూస్తే మేము వెళ్ళింది బజారుకు కాదు, మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసుకు. గల్లీలో చదువుకున్న పెద్దవాళ్ళు ఉండగా నన్నే ఎందుకు తీసుకొచ్చాడో కాసేపటికి అర్థమైంది.

అక్కడి గుమాస్తా కూడా మిలిటరీలో చేసినాయనే. తాతను కుర్చీలో కూర్చోబెట్టి, ఏ హోదాలో రిటైరయ్యారని హిందీలో అడిగాడు. సిపాయి అన్నాడు తాత. కంగారులో మరిచిపోయాడనుకుని నేను చొక్కా పట్టి లాగి, సుబేదార్ అని చెప్పు తాతా అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు కానీ నా వైపు చూడలేదు. గుమాస్తాయన నవ్వలేదు, అది నాకు ఇప్పటికీ గుర్తు.

అప్పుడు తాత వచ్చిన పని చెప్పాడు. పాకిస్తాన్‌తో యుద్ధంలో, పంజాబు పొలాల్లో, ముందున్న దళానికీ వెనకున్న దొరలకూ మధ్య టెలిఫోను తీగ ఒక్కటే ఆధారం. గుండ్లు పడ్డప్పుడల్లా అది తెగేది. తాత నేతవాళ్ళ పిల్లవాడు, తెగిన పోగు అతకడం చేతుల్లోనే ఉంది. పొలంలో పాకుతూ తెగిన చోటల్లా అతికేవాడు. ఇక్కడ అతికితే అక్కడ తెగేది. సాయంత్రానికి ఆయన ఆఫీసరు అందరి ముందూ, నీ పేరు మెడల్‌కు రాసి పంపుతాను, ఒక మెట్టు పై హోదా, భుజానికి పట్టీ కూడా వస్తాయి అన్నాడట. మర్నాడు ఆ ఆఫీసరు ఉన్న చోటే గుండు పడింది. పంపుతానన్న పేరు పంపకుండానే ఆయన పోయాడు. చనిపోయిన మనిషి మాటను అడ్డం పెట్టుకుని అడగడం బాగుండదని తాత అన్నేళ్ళూ అడగలేదు. ఇప్పుడు ఆ మెడల్‌నూ, ఆ పట్టీనీ ఇప్పించమని అడగడానికి వచ్చాడు.

గుమాస్తాయన అంతా విని, మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు. ఇట్లాంటివి ఆనాడే, అక్కడున్న పైవాళ్ళు రాసి పంపాలనీ, గడువు ఎప్పుడో దాటిపోయిందనీ, కొలువు వదిలాక ప్రమోషన్ ఇచ్చే దారే లేదనీ మెల్లగా చెప్పాడు. ఆనాడు ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే, ఇద్దరు ఆ యుద్ధంలోనే పోయారు, మిగిలినవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు అన్నాడు తాత. గుమాస్తాయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, “మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. కానీ నేను నమ్మితే సరిపోదు” అన్నాడు. ఆయన కసిరి ఉంటే మాకు ఎంత సులువుగా ఉండేదో. ఇంటి దాకా ఆయన్నే తిట్టుకుంటూ పోయేవాళ్ళం. మేము నమస్కారం పెట్టి బయటికొచ్చాం.

తాపీ నది ఒడ్డున మెట్ల మీద కూర్చుని ఖమణ్ తిన్నాం. తిన్నది నేను, తాత పొట్లం పట్టుకుని కూర్చున్నాడు. నాకు చాలా కోపంగా ఉంది. సుబేదార్ కానప్పుడు మాతో ఇన్నాళ్ళూ సెల్యూట్లు ఎందుకు కొట్టించుకున్నావని అడిగేశాను. మొదట్లో సేఠ్‌కు చెప్పాననీ, సేఠ్ నవ్వేసి ఊరుకున్నాడనీ, మాస్టర్‌కు చెబితే అన్నీ ఒకటేలే అన్నాడనీ చెప్పాడు. తర్వాత ఇనంగ ఇనంగ మంచిగనే అనిపించింది అన్నాడు, సిగ్గుపడుతూ. ఇంటి పిలుపుగా ఉన్నన్నాళ్ళూ గడిచిపోయిందట. నలుగురూ చదివేట్టు గుడ్డ మీద రాసి కట్టేసరికి ఆయనకు తిండి సహించలేదు.

ఇవాళ అడిగింది ఇచ్చి ఉంటే సుబేదార్ అయ్యేవాడివా అన్నాను. తాత గులకరాళ్ళు ఏరి, ఒక్కో హోదాకు ఒక్కో రాయి చొప్పున మెట్టు మీద వరుసగా పెట్టాడు. ఈ చివర మొదటి రాయి తను. దాని పక్కది ఆఫీసరు ఇస్తానన్న పట్టీ. సుబేదార్ ఎక్కడో ఆ చివర ఉన్నాడు.

“ఆడి దాక ఎట్లయిన పోయేటోన్ని కాదు బిడ్డా. ఒక్క మెట్టన్న ఎక్కితే, అబద్ధం జర తక్కువయితుండె” అన్నాడు.

నాకు కోపం పోయింది, ఏడుపొచ్చింది. చిన్నపిల్లని, ఏం చెయ్యగలను? ఆ రాళ్ళలో మొదటి రాయిని తీసి ఆ చివరన పెట్టాను. తాత నవ్వి మళ్ళీ దాన్ని దాని చోట పెట్టేశాడు.

పంద్రాగస్టు నాడు బడి మైదానంలో మా గల్లీ అంతా ఉంది. శాలువా కప్పారు, దండ వేశారు. మాట్లాడమని మైకు చేతికిచ్చారు. తాత బూట్లు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు. ఏం చెప్పబోతున్నాడో నాకొక్కదానికే అర్థమైంది.

“నేను సుబేదార్‌ను కాను. సిపాయిగనే పోయిన, సిపాయిగనే వచ్చిన. నాకు మెడల్ గూడ లేదు. ఏమనుకోకుండ గా గుడ్డ తీసెయ్యుండ్రి” అన్నాడు.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇక మైదానమంతా చప్పట్లే. సమాజం పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకుని, చూశారా ఈయన వినయం, ఎంత ఎదిగినా తనను సిపాయినే అనుకునేవాడే అసలైన వీరుడు అన్నాడు. నా పక్కన మా నాన్న అరచేతులు ఎర్రబడేట్టు కొడుతున్నాడు. నాన్న చెయ్యి పట్టుకుని, ఆయన నిజంగానే సిపాయి నాయినా, ఆఫీసులో చెప్పిండు, నేను ఇన్న అన్నాను. నాన్న నన్ను ఎత్తుకుని, “అవ్ బిడ్డా. గొప్పోళ్ళు గట్లనే అంటరు” అన్నాడు.

నాన్న భుజం మీంచి తాతను చూశాను. మళ్ళీ ఏదో చెప్పబోయాడు కానీ మైకు అప్పటికే వేరే చేతుల్లో ఉంది. శాలువా జారుతుంటే ఎవరో సర్దారు. ఆయన్ని అవమానించినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ప్రేమగా చుట్టూ నిలబడ్డారు, వాళ్ళ మధ్య ఆయనకు ఊపిరి ఆడనట్టుగా ఉంది. అక్కడికి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించింది. మనుషుల్ని దాటుకుని వెళ్ళలేకపోయాను.

ఆ తర్వాత నేను సిపాయి తాతా అని పిలవడం మొదలుపెట్టాను. పెద్దమనిషిని అట్లా తక్కువ చేసి పిలుస్తావా అని అమ్మ కోప్పడింది. అందుకని ఎవరూ లేనప్పుడే పిలిచేదాన్ని. మిగతా పిలుపులకు మెల్లగా తల తిప్పే తాత, దీనికి మాత్రం వెంటనే పలికేవాడు.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు తాత పోయాడు. కార్ఖానా గేటు పక్కన షిఫ్టుల సంగతులు రాసే నల్లబోర్డు మీద, సుబేదార్ తాత ఇక లేరని ఎవరో రాశారు. నేను తడిగుడ్డతో ఆ ఒక్క మాటా తుడిచి సిపాయి అని రాసి ఇంటికొచ్చాను. శవాన్ని ఎత్తే వేళకు మళ్ళీ వెళ్ళి చూస్తే నా మాట లేదు. ఎవరో దాన్ని తుడిచి, మునుపటికంటే పెద్దగా, ముత్యాల్లాంటి అక్షరాలతో సుబేదార్ అని రాసి, చుట్టూ సుద్దతో పూలు గీశారు. గుడ్డ వెంట తెచ్చుకున్నాను. ఆ పూలు చూశాక చెయ్యి లేవలేదు.

ఇప్పుడు నేను సూరత్‌లోనే అమ్రోలిలో ఉంటున్నాను. అంగన్‌వాడీలో ఆయాగా పని చేస్తున్నాను. పిల్లల ముక్కులు తుడిచి, కిచిడీ పెట్టి, నిద్రపుచ్చడం నా పని. వీధిలో వాళ్ళంతా నన్ను టీచర్‌బెన్, అంటే టీచరక్క, అని పిలుస్తారు. నేను టీచర్ని కాదు, ఆయాను అని ప్రతిసారీ చెబుతాను. వాళ్ళు నవ్వి, మీరు అట్లాగే అంటారులే టీచర్‌బెన్ అంటారు. అదీ వినయమే అనుకుంటున్నారు కాబోలు. ఎందుకే రోజూ ఈ గోల, ఎవరైనా వింటున్నారా అని మా ఆయన విసుక్కుంటాడు. ఎవరూ వినరని నాకు తెలుసు. మైకు లాక్కున్నాక కూడా తాత పెదాలు కదలడం నేను చూశాను, అందుకే చెబుతూ ఉంటాను.